రాత్రి విడిదిలో దీపం దాచడం

ఈ శీర్షిక చూచి ఇదేదో అపరాధ పరిశోధక నవలకు సంబంధించిన విషయమని విద్యార్థి మిత్రులు ఉత్సాహపడవచ్చును. కళాశాల సంఘం పెద్దలు కొంచెం కలవరపడవచ్చును. నిజానికి ఇది కంటికీ చీకటికీ సంబంధించిన పాఠం. అయితే ఆ పాఠాన్ని బాగా నేర్చుకొన్నవారు ప్రయోగశాలలలో కంటె పొలం గట్ల చాటున ఎక్కువగా ఉన్నారు గనుక వారి అనుభవం నుంచే ప్రారంభిస్తున్నాను.

బ్రిటన్, అమెరికా, ఐరోపా దేశాలలో కాలినడకను గాని సైకిలు మీద గాని దూరప్రయాణాలు చేసే యువకులలో ఒక అలవాటు ఉన్నది. ప్రొద్దు గ్రుంకిన తరువాత రోడ్డుకు కొంత ఎడంగా, ఏ చెట్ల గుంపులోనో, ఏ కంచె చాటునో చిన్న గుడారం వేసుకొంటారు. ఎవరి కంటా పడకుండా రాత్రి గడిపి, తెల్లవారక మునుపే గుడారం విప్పి, అక్కడ ఒక మనిషి పడుకొన్న గుర్తు కూడ మిగలకుండా వెళ్ళిపోతారు. దీనిని వారు స్టెల్త్ క్యాంపింగ్ అంటారు. మనం రహస్య విడిది అనుకొందాము.

రహస్యం అనగానే నేరం స్ఫురిస్తుంది. కాని అక్కడి పరిస్థితి అంత సులభంగా తేలేది కాదు. ఇంగ్లండులో భూమి చాలవరకు వ్యక్తుల యాజమాన్యంలో ఉన్నది. యజమాని అనుమతి లేకుండా అతని నేలమీద గుడారం వేసి పడుకోవడం సాధారణంగా శిక్షార్హమైన నేరం కాదు. కాని సివిల్ న్యాయం దృష్టిలో అక్రమ ప్రవేశమే. యజమాని వచ్చి పొమ్మంటే అర్ధరాత్రి అయినా మూట కట్టుకోవలసినదే. నైరుతి ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడుభూములలో మాత్రం ప్రజలకు ఈ హక్కు ఉన్నదని చిరకాలంగా భావిస్తూ వచ్చారు. 2023 జనవరిలో అక్కడి హైకోర్టు ఆ హక్కు లేదన్నది. అదే సంవత్సరం జూలైలో అప్పీలు కోర్టు ఉన్నదన్నది. చివరకు 2025 మే నెలలో సుప్రీంకోర్టు, 1985 నాటి డార్ట్‌మూర్ చట్టంలోని మాటలకు అర్థం చెబుతూ, ప్రజల హక్కును నిలబెట్టింది. ఒక రాత్రి నేలమీద నడుము వాల్చే విషయం దేశపు అత్యున్నత న్యాయస్థానం వరకు పోయిందంటే ఆ దేశంలో బాటసారికి నేల ఎంత కరవో ఊహించవచ్చును. పొరుగున ఉన్న స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం, బాధ్యతతో మెలగే బాటసారికి చాలచోట్ల ఈ స్వేచ్ఛ ఇచ్చింది. స్వీడన్‌లో ఇది తరతరాల ఆచారం. ఇళ్ళకు దూరంగా ఉండి, దేనినీ పాడు చేయకుండా ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకొంటే అభ్యంతరం లేదు.

మన దేశంలో బాటసారి దాగవలసిన అవసరం పూర్వం అంతగా ఉండేది కాదు. సరాయిలు, సత్రాలు ఉండేవి. దర్గా ముంగిట ముసాఫిరుకు చాప పరచుకొనే చోటు దొరికేది. గుడి మండపంలో ఎవరైనా తలదాచుకొనేవారు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ గొర్రెల కాపరులు కోత అయిన చేలలో మంద పెట్టి ఇప్పటికీ రాత్రిళ్ళు అక్కడే నిద్రిస్తారు. ఎరువు కోసం రైతే వారిని పిలిచి, ప్రతిఫలంగా ధాన్యమో పైకమో ఇస్తాడు. అది కూడ ఆరుబయలు విడిదే. కాని ఊరందరికీ తెలిసిన విడిది. ఈ తేడాను పాఠకులు గుర్తు పెట్టుకోవలెనని కోరుతున్నాను. చివర మళ్ళీ దీనితో పని ఉన్నది.

పూర్వకాలపు రహస్య విడిదిని పట్టించేవి పొగ, నిప్పు. నేటి బాటసారి నిప్పు రాజెయ్యడు. అతని సంచిలో సెల్‌ఫోను ఉన్నది, నుదుటికి కట్టుకొనే దీపం ఉన్నది, ఫోనుకు విద్యుత్తు అందించే పవర్ బ్యాంకు ఉన్నది, చేతికి మెరిసే గడియారం ఉన్నది. మర్నాటి దారి చూచుకోవాలన్నా, ఇంటికి క్షేమం తెలుపాలన్నా, వాన వచ్చే సూచన తెలుసుకోవాలన్నా వీటితోనే పని. గుడారాన్ని ఆకుపచ్చ రంగుది ఎన్నుకొని, చెట్ల నీడన వేసి, ఇంత శ్రమపడినవాడు సెల్‌ఫోను తెరవగానే తన ముఖానికి తానే దీపం పట్టుకొన్నట్లవుతుంది. ఎందువల్లనో తెలియాలంటే కంటి నిర్మాణం కొంత తెలియాలి.

కంటి వెనుక భాగాన ఉండే రెటీనా అనే పొరలో వెలుతురును గ్రహించే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. శంకువులు సుమారు 60 లక్షలు. ఇవి పగటి కణాలు. రంగులు తెలియడం, సన్నని అక్షరాలు చదవగలగడం వీటి వల్లనే. దండాలు సుమారు 12 కోట్లు. ఇవి రాత్రి కణాలు; రంగు ఎరుగవు, అక్షరాల పని చేయవు, కాని అత్యల్పమైన వెలుతురును కూడ పసిగడతాయి. వెలుతురులోంచి చీకటిలోకి వచ్చినప్పుడు కనుపాప కొద్ది క్షణాలలో విప్పారుతుంది. చాలమంది కంటి సర్దుబాటు అంతేననుకొంటారు. అసలు సర్దుబాటు దండాలలోని రొడాప్సిన్ అనే పదార్థంలో జరుగుతుంది. వెలుతురు సోకితే ఆ పదార్థం విచ్ఛిన్నమవుతుంది. చీకటిలో నెమ్మదిగా మళ్ళీ కూడుకొంటుంది. శంకువులు సుమారు పది నిమిషాలలో తమ శక్తి మేరకు సర్దుకొంటాయి. దండాలు పూర్తిగా సర్దుకోవడానికి అరగంట, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఇలా అరగంటలో కూడబెట్టిన చూపును పోగొట్టడానికి తెల్లని వెలుగు కొద్ది క్షణాలు తగిలితే చాలు.

రంజాన్ నెలలో సెహ్రీకి లేచే విద్యార్థులు దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చును. మెలకువ వచ్చిన వెంటనే గదిలోకి చూడండి. మంచాలు, తలుపు, కిటికీ, మూలనున్న కూజా వరకు మసకగా తెలుస్తూనే ఉంటాయి. ఇప్పుడు వేళ చూచుకొందామని ఫోను తెరిచి మూయండి. గది మొత్తం మాయమవుతుంది. గదిలో ఏమీ మారలేదు. మీ దండాలు తమ రొడాప్సిన్‌ను పోగొట్టుకొన్నవి, అంతే. ఒక కన్ను గట్టిగా మూసుకొని రెండవ కంటితో మాత్రమే ఫోను చూచినట్లయితే, మూసిన కంటి చూపు అలాగే నిలిచి ఉంటుంది.

రొడాప్సిన్ తయారీకి విటమిన్ ఎ కావాలి. అది లోపిస్తే వచ్చే జబ్బుకు మనవారు రేచీకటి అని ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి. ఆ లోపం ముదిరి పసిపిల్లల చూపే పోతుంటే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగా, ఆరు నెలలకొకసారి పిల్లలకు విటమిన్ ఎ పెద్ద మోతాదులో ఇచ్చే కార్యక్రమం 1970లో మన దేశంలో ప్రారంభమయింది. మన నగరంలో జరిగిన పని కనుక ప్రస్తావించాను.

దండాల విషయంలో మరొక విశేషం ఉన్నది. మనం దేనినైనా సూటిగా చూచినప్పుడు దాని ప్రతిబింబం రెటీనా నడుమనున్న చిన్న గుంటలో పడుతుంది. ఆ గుంటలో శంకువులే గాని దండాలు లేవు. అందుచేత చీకటిలో మసక వస్తువును సూటిగా చూస్తే కనబడదు; కొంచెం ప్రక్కకు చూస్తే కనబడుతుంది. నక్షత్ర పరిశీలకులు దీనిని అభ్యసిస్తారు. మంచె మీద కూర్చుండి అడవి పందుల నుంచి జొన్నచేను కాచే రైతుకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పకపోయినా, అతడు చేనంతా ఓరకంటితో కలయజూడటం అలవాటు చేసుకొంటాడు. అవసరమైనప్పుడు మాత్రమే టార్చి వేస్తాడు. ఊరికే వేసుకొని కూర్చుంటే ఆ గుండ్రని వెలుగు వెలుపల తనకేమీ కనబడదని అతనికి తెలుసు.

ఇక్కడే ఈ పాఠంలోని ముఖ్యవిషయం ఉన్నది. చీకటిలో దీపం పట్టుకొన్నవాడికీ దూరాన చీకటిలో నిలిచినవాడికీ చూపు సమానం కాదు. దీపం గలవాడు తన చుట్టూ నాలుగు బారల మేర చూడగలడు. ఆపైన అతనికి అంతా నల్లని గోడ. చీకటిలో నిలిచినవాడికి మొదటివాడి ముఖం, చేయి, గుడారం, సంచి అన్నీ తెలుస్తాయి. దీపం కింద చీకటి అని సామెత. దీపం చుట్టూ ఉన్న చీకటి ఇంకా పెద్దది.

ఎంత దూరం నుంచి కనబడుతుంది? కొవ్వొత్తి వెలుగు యాభై కిలోమీటర్ల దూరం నుంచి కూడ మనిషి కంటికి తెలుస్తుందనే మాట ఒకటి పుస్తకాలలో చాలకాలం చలామణి అయింది. 2015లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు దీనిని నక్షత్రాల కాంతితో పోల్చి లెక్కగట్టారు. దుర్భిణి సహాయం లేని కంటికి కొవ్వొత్తి కనబడే గరిష్ఠ దూరం సుమారు 2.6 కిలోమీటర్లని తేలింది. పూర్తి చీకటి, నిర్మలమైన గాలి ఉన్నప్పటి మాట ఇది. మనకు లెక్క వేయడానికి ఇది మంచి కొలమానం.

కొవ్వొత్తి కాంతి తీవ్రత సుమారు ఒక క్యాండెలా. సెల్‌ఫోను తెర వైశాల్యం సుమారు వంద చదరపు సెంటీమీటర్లు అనుకొందాము. అనగా చదరపు మీటరులో నూరవ వంతు. తెర వెలుగును బాగా పెంచినప్పుడు చదరపు మీటరుకు 500 క్యాండెలాలు ఉంటుందనుకొంటే, తెర మొత్తం ఇచ్చేది 5 క్యాండెలాలు. అంటే అయిదు కొవ్వొత్తులు. అదే తెరను పూర్తిగా తగ్గించి చదరపు మీటరుకు 2 క్యాండెలాలకు తెస్తే మొత్తం 0.02 క్యాండెలా. కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని భౌతికశాస్త్రంలో చదువుకొన్నదే. కనుక కనబడే దూరం తీవ్రత యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అయిదుకు వర్గమూలం సుమారు 2.24, దీనిని 2.6తో హెచ్చిస్తే దాదాపు 5.8 కిలోమీటర్లు. 0.02కు వర్గమూలం సుమారు 0.14, హెచ్చిస్తే దాదాపు 370 మీటర్లు. తెర సూటిగా చూపరి వైపు తిరిగి ఉన్నప్పటి లెక్క ఇది. ఆచరణలో చెట్లు, మంచు, ఊరి దీపాలు ఈ దూరాలను బాగా తగ్గిస్తాయి. అయినా ఒక్క వేలి కదలికతో ఆరు కిలోమీటర్లకు, నాలుగు వందల మీటర్లకు ఉన్నంత వ్యత్యాసం వస్తున్నదని గమనించండి. వెలుగును ఇరువది అయిదు రెట్లు తగ్గించినా దూరం అయిదు రెట్లే తగ్గుతుందన్నది కూడ గమనించండి. కొద్దిగా తగ్గించి దాగామనుకొనేవారు పొరపడేది ఈ వర్గమూలం దగ్గరనే.

ఈ సంగతి ప్రభుత్వాలకు యుద్ధాల వల్ల తెలిసివచ్చింది. 1939 సెప్టెంబరు 1న, యుద్ధ ప్రకటనకు రెండు రోజుల ముందే, బ్రిటన్‌లో వీధి దీపాలు ఆర్పివేశారు. చేతి టార్చికి పలుచని కాగితం చుట్టుకొంటేనే అనుమతి. 1942లో అమెరికా తూర్పు తీరంలో పట్టణాల దీపాలు వెలుగుతూ ఉండగా, ఆ వెలుగుకు అడ్డంగా నల్లని ఆకారాలుగా కనబడిన ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచివేశాయి. 1971 యుద్ధంలో మన దేశంలో మోటారు బండ్ల దీపాలకు పై సగం నల్లరంగు పూసిన సంగతి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆగ్రాలో తాజ్‌మహల్‌కే ముసుగు వేశారు; వెన్నెలలో ఆ పాలరాయి కూడ దీపమే కదా.

ఇక ఎర్ర దీపం సంగతి. రాత్రి ప్రయాణాల సామాను అమ్మే దుకాణాలలో ఎర్ర వెలుగు గల నుదుటి దీపాలు దొరుకుతాయి. వీటి వెనుక ఉన్న శాస్త్రం పాతది. 1819లో బొహీమియా దేశపు శరీరశాస్త్రవేత్త పుర్కిన్యే, ఎండలో మెరిసే ఎర్రని పూలు వేకువ మసకలో నల్లబడి, ఆకులు వాటికంటె కాంతిగా కనబడటం గమనించాడు. శంకువులు పసుపు పచ్చకు దగ్గరగా, 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ఎక్కువ చురుకుగా పనిచేస్తాయి. దండాలు నీలి పచ్చకు దగ్గరగా, సుమారు 500 నానోమీటర్ల వద్ద చురుకు. 640 దాటిన ఎరుపు దండాలకు దాదాపు తెలియదు. అందువల్ల ముదురు ఎరుపు వెలుగులో శంకువులతో చదువుకొంటూ, దండాల చూపును కాపాడుకోవచ్చును.

ఇంతవరకు నిజమే. దీని నుంచి, ఎర్ర దీపం ఇతరులకు కనబడదని కొందరు భావిస్తారు. అది నిజం కాదు. మీ శంకువులు చూడగలిగిన ఎరుపును దారిన పోయేవాడి శంకువులు కూడ చూడగలవు. పల్లెపట్టున రాత్రివేళ ఎర్రని చుక్క కదిలితే తెల్లని చుక్క కంటె ఎక్కువ అనుమానం కలుగుతుంది. పైగా ఎర్ర వెలుగులో దేశపటం మీది ఎర్రగీతలు మాయమవుతాయి. నా అభిప్రాయంలో రంగు రెండవ విషయం. తక్కువ వెలుగు, తక్కువ సేపు అన్నది మొదటి విషయం.

గుడారం లోపల దీపం పెడితే ఎవరికీ తెలియదనుకోవడం మరొక భ్రమ. నేటి గుడారాల నైలాను గుడ్డ చాల పలుచనిది. లోపల చిన్న దీపం వెలిగించినా గుడారం మొత్తం గాజు లాంతరువలె ప్రకాశిస్తుంది. మనిషి నీడ గోడమీది తోలుబొమ్మవలె ఆడుతుంది. అనుభవజ్ఞులు చేసేది ఇది: పగలుండగానే తెర వెలుగును అట్టడుగుకు తగ్గించి పెట్టుకొంటారు. చదవవలసినది ఉంటే దుప్పటి సంచిలో తల దూర్చి, తెరను నేలవైపు వంచి చూస్తారు. తెర మీద తెల్లని పుటలో నల్లని అక్షరాలకు బదులు నల్లని పుటలో మసక అక్షరాలు ఉండేలా మార్చుకొంటారు. ఓలెడ్ రకం తెరలలో నల్లని భాగం అసలు వెలగదు గనుక ఇది బాగా పనిచేస్తుంది. పాత ఎల్‌సీడీ తెరలలో వెనుకనున్న దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది గనుక అంత లాభం లేదు. నుదుటి దీపాన్ని గుడారం వెలుపల వాడరు. ఎవరైనా పలకరిస్తే తల అటు తిరుగుతుంది, తలతోపాటు దీపమూ తిరిగి అవతలివాడి కళ్ళలో పడుతుంది. చేతి టార్చిని వేళ్ళ సందులోంచి నేలమీదికి వదలడం మేలు. అన్నిటికంటె మేలైనది, ఏ వస్తువు ఏ జేబులో ఉన్నదో చేతికి తెలిసేటట్లు సర్దుకోవడం. సంచిలో వెదుకులాట ఉన్నవాడికే దీపం కావలసివస్తుంది.

చిన్న చిన్న శత్రువులు మరికొన్ని ఉన్నవి. పవర్ బ్యాంకు మీది నీలిచుక్క పగలు కంటికి ఆనదు. రాత్రి దండాలకు నీలమే ఇష్టం కనుక అది గుడారమంతా నింపుతుంది. దానిమీద నల్లని అంటుపట్టీ అతికించాలి. సైకిలుకు, బూట్లకు, గుడారపు తాళ్ళకు ఉండే మెరుపు పట్టీలు తమంతట తాము వెలగవు, కాని పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. పిల్లి కళ్ళు మెరిసేదీ ఇటువంటి ఏర్పాటు వల్లనే. రోడ్డు మీద ఆ పట్టీ ప్రాణరక్షకం. విడిదిలో దానిమీద గుడ్డ కప్పాలి.

వెలుతురు తరువాత చప్పుడు. రాత్రి నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్ద తరంగాలు పైకి పోక నేలవైపు వంగుతాయి. పొరుగూరి మసీదు అజా, రైలు కూత వేకువన స్పష్టంగా వినబడటానికి ఊరి సద్దు అణగడంతోపాటు ఇది కూడ ఒక కారణం. అదే విధంగా మీ ఫోను కూత కూడ దూరం పోతుంది. కూత ఆపి, కంపనం మాత్రం ఉంచినవారు ఫోనును రాతిమీదనో వంటపాత్ర ప్రక్కనో పెడితే అది బుర్రుమని మ్రోగుతుంది; తలక్రింది బట్టలలో పెట్టుకోవాలి. చెవులలో ఇయర్‌ఫోను పెట్టుకొని పాటలు వినేవాడు తాను నిశ్శబ్దంగా ఉన్నానని సంతోషిస్తాడు గాని దగ్గరకు వచ్చే అడుగుల చప్పుడు అతనికి వినబడదు. ఒక చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

రేడియో సంబంధాన్ని ఆపివేసే విమాన పద్ధతిలో ఫోనును ఉంచితే బ్యాటరీ చాలకాలం వస్తుంది. సంకేతం బలహీనంగా ఉన్నచోట టవరు కోసం వెదకడానికే ఫోను ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. ఉపగ్రహాల నుంచి స్థానం తెలుసుకొనే జీపీఎస్ సంకేతాలను స్వీకరించడం మాత్రమే చేస్తుంది గనుక దానికి టవరుతో పని లేదు. దేశపటం ముందుగా దించుకొని ఉంటే చాలు. చలిదేశాలలో లిథియం బ్యాటరీ శక్తి తగ్గుతుంది. సున్నా డిగ్రీల క్రింద దానిని ఛార్జి చేయకూడదు. కాబట్టి రాత్రి దానిని దుప్పటిలో వెచ్చగా ఉంచుకొంటారు. విడిది ఫోటోను ఆ రాత్రే లోకానికి పంపేవారి గురించి ఏమి చెప్పను! ఫోటోలో స్థలం గుర్తు ఇమిడి ఉండవచ్చును. అయితే ఇంట్లో ఒక్కరికైనా తానున్నచోటు తెలిపి ఉండాలి. దాపరికం అపరిచితుల నుంచే గాని తల్లిదండ్రుల నుంచి కాదు.

దాగినవాడు దీపం తగ్గించడం వల్ల లాభం అతనికి మాత్రమే కాదు. మన కోస్తా తీరంలో శీతకాలం చివరి నుంచి వేసవి ప్రారంభం వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఇసుకలో గుడ్లు పెడతాయి. సుమారు 45 నుంచి 60 రోజులలో పిల్లలు బయటపడి, సముద్రం మీది మసక వెలుగును గురుతుగా పెట్టుకొని నీటివైపు పాకుతాయి. ఒడ్డున టార్చీలు, ఫోను దీపాలు వెలిగితే దారి తప్పి మెట్టవైపు పోయి చనిపోతాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి కూడ వెలుగు చూచి వెనుకకు మళ్ళుతుంది. విహారయాత్రకు సముద్రతీరానికి వెళ్ళే విద్యార్థులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకొన్నా ఈ వ్యాసం వ్రాసినందుకు నాకు తృప్తి.

ఇప్పుడు గొర్రెల కాపరి దగ్గరకు తిరిగి వద్దాము. పైన చెప్పిన రహస్య విడిదిని మన ప్రాంతంలో అనుకరించవచ్చునా? కూడదని నా దృఢమైన అభిప్రాయం. అడవుల సంగతి మొదట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాలలోకి అనుమతి లేకుండా ప్రవేశించడమే నేరం. నల్లమలలో అమ్రాబాదు, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యాలు ఉన్నవి. చిరుత, ఎలుగుబంటి తిరిగేచోట మనిషి తన ఉనికిని దాచడం తెలివి కాదు. ఆ దారులలో నడిచే గ్రామస్థులు కావాలనే చప్పుడు చేస్తూ పోతారు.

అంతకంటె పెద్ద ప్రమాదం చిన్నది. కట్లపాము రాత్రిళ్ళు తిరిగే పాము. నేలమీద పడుకొన్నవారిని నిద్రలోనే కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు గనుక చాలమందికి కాటు సంగతే తెలియదు. రక్తపింజరి గడ్డిలో కదలక పడి ఉంటుంది. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల మరణించినవారు సుమారు 12 లక్షలు. సంవత్సరానికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు జరిగిన ప్రాంతాలలో తెలంగాణతో కూడిన ఆంధ్ర ప్రాంతం ఒకటి. ఇంగ్లండు బాటసారి దీపం దాచడం మరచిపోతే పొలం యజమాని వచ్చి మందలిస్తాడు. మన విద్యార్థి దీపం దాచుకొని చెప్పులు లేకుండా గట్టు దిగితే ప్రాణమే పోవచ్చును. ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు వెళ్ళి బడి వసారాలలో పడుకొనేవారు దోమతెర అంచులను పక్క క్రిందికి దోపుకోవాలి. రాత్రి లేచినప్పుడు ముందు టార్చి, తరువాత పాదం. ఇక్కడ చూపును కాపాడుకోవడం కోసం వెలుగు మానుకోవలసిన పని లేదు.

మూడవది చెప్పడానికి కొంచెం బాధగా ఉన్నది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే పుకారు సెల్‌ఫోనుల ద్వారా వ్యాపించింది. తెలంగాణలోనూ ఇతర రాష్ట్రాలలోనూ రాత్రివేళ దారిన పోయే అపరిచితులను జనం చుట్టుముట్టి కొట్టారు, కొందరు చనిపోయారు. వారిలో ఎవరూ దాగినవారు కాదు. బిచ్చం ఎత్తుకొనేవారు, దారి తప్పినవారు, మాట సరిగా చెప్పలేనివారు. చెట్టు చాటున, మసక వెలుగులో, ముఖం సగం కనబడుతూ పట్టుబడినవాడు తన పేరు, ఊరు చెప్పుకొనే వ్యవధి అందరికీ సమానంగా దొరకదు. మన కళాశాల విద్యార్థులకు ఇంతకంటె వివరంగా చెప్పవలసిన అవసరం లేదనుకొంటాను. పరాయి ఊరిలో రాత్రి గడపవలసివస్తే ప్రొద్దుండగానే సర్పంచినో, బడి పంతులునో, మసీదు ఇమామునో, గుడి పూజారినో కలిసి, నలుగురి ఎదుట అడిగి, దీపం పెట్టుకొని పడుకోవాలి. కాపరి చేసేది అదే.

ఎక్కడ విడిది చేసినా దాపరికం విడిచిపెట్టవలసిన సమయం ఒకటి రావచ్చును. కాలు విరిగినప్పుడు, జ్వరం ముదిరినప్పుడు, వరద గుడారాన్ని ముట్టినప్పుడు దాచిన దీపాలన్నీ బయటకు రావాలి. 112 అనే సంఖ్య బ్రిటన్‌లోనూ ఐరోపా దేశాలలోనూ మన దేశంలోనూ అత్యవసర సహాయానికి పనిచేస్తుంది. మీ సంస్థ టవరు అందకపోయినా మరొక సంస్థ టవరు అందుబాటులో ఉంటే దాని ద్వారా పిలుపు పోయే వీలున్నది. ఫోను అసలే పలకనిచోట ఆల్ప్స్ పర్వతాలలో 19వ శతాబ్ది చివర నుంచి వాడుకలో ఉన్న సంకేతం ఉన్నది. టార్చిని నిమిషంలో ఆరుసార్లు, సమానమైన ఎడంతో వెలిగించి ఆర్పాలి. ఒక నిమిషం ఆగాలి. మళ్ళీ ఆరుసార్లు. అవతలి నుంచి ఎవరైనా నిమిషానికి మూడుసార్లు వెలిగిస్తే వారు మిమ్మల్ని చూచినట్లు అర్థం. బదులు వచ్చిన తరువాత కూడ, వారు మీ దగ్గరకు చేరేవరకు దీపం ఆపకూడదు.